మూడు ఆదివారాల ప్రకటన

పోయినవారం మనం దెబోరమ్మను బాతెల్ తెలుగు చర్చిలో, నాలుగో వరస కుర్చీలో వదిలేసి వచ్చాం. చెంగు తలమీంచి జారి భుజం మీద పడ్డ సంగతి కూడా ఆవిడకు అప్పటికి తెలియదు. ఆరాధన చివర పాస్టరుగారు అలవాటు ప్రకారం, కొత్తగా వచ్చినవాళ్ళు లేచి పేరూ ఊరూ చెప్పుకోమన్నారు. ఇద్దరు ఎమ్మెస్ పిల్లలు లేచి ఒకడు ఏలూరన్నాడు, ఒకడు ఖమ్మమన్నాడు. ఆ తరవాత మగవాళ్ళ వైపు ఆఖరి వరసలో పెద్దాయన ఒకాయన ముందు కుర్చీ వీపు పట్టుకుని మెల్లిగా లేచి, "అందరికీ వందనాలండి. నా పేరు సైలస్. మాది రంగూన్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దెబోరమ్మ కొట్టలేదు. ఆ గొంతు విని యాభై ఏళ్ళు దాటింది. అయినా పేరుదాకా అక్కర్లేకుండా, వందనాల దగ్గరే పోల్చుకుంది.

ఈ వారమే కథ అందుకున్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు, తెలియాల్సింది కొంచెమే. దెబోరమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. పుట్టి పెరిగింది రంగూన్‌లో, కాపురం చాలావరకు చేసింది విశాఖపట్నంలో. భర్త సుందర్ రాజ్ గారు పోయాక కూతురు షారన్ దగ్గరకు అమెరికా వచ్చేసింది. షారన్ ఇక్కడే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. తల్లికి పౌరసత్వం వస్తే గాని ఆమెకు నిద్రపట్టదు. గ్రీన్‌కార్డు మీద ఏళ్ళు గడిచాయి, ఇంటర్వ్యూ అయింది, అడిగిన ప్రశ్నలన్నిటికీ ముసలావిడ టకటకా జవాబులు చెప్పి ఆఫీసరును నవ్వించింది కూడా. ఈ శుక్రవారం ప్రమాణం. చెయ్యెత్తి నాలుగు వాక్యాలు పలికితే దెబోరమ్మ అమెరికా పౌరురాలు. షారన్ అప్పుడే కేకు ఆర్డరిచ్చేసింది.

ఇక కథలోకి పోదాం.

ఆశీర్వాద ప్రార్థన అయింది. నెలాఖరు ఆదివారం కాబట్టి ప్రేమ విందు, అంటే సంఘమంతా కలిసి భోజనం. మనవాళ్ళ చర్చి సొంతం కాదు, అమెరికన్లు పొద్దున ఆరాధన ముగించుకుని వెళ్ళాక మధ్యాహ్నం పూట అద్దెకు తీసుకుంటారు. నాలుగున్నరకల్లా కుర్చీలు మడిచి గోడవార పేర్చి, బిర్యానీ వాసన మిగలకుండా తలుపులు తెరిచి, తాళం చెవులు అప్పజెప్పాలి. అంచేత ప్రేమ విందులో ప్రేమకన్నా తొందర ఎక్కువ.

దెబోరమ్మ వంటింట్లోకి జారుకుంది. పెరుగుపచ్చడిలో ఉప్పు సరిపోయిందో లేదో చూసింది, మళ్ళీ చూసింది. ఎవరూ అడక్కుండానే ఉల్లిపాయలు చక్రాలు కోసింది. మొహం చాటెయ్యడానికి వంటింటిని మించిన చోటు లేదని ఆడవాళ్ళందరికీ తెలుసు. హాల్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఎమ్మెస్ పిల్లలు సైలస్ చుట్టూ మూగారు. వాళ్ళ తెలుగులో ముప్పాతిక ఇంగ్లీషు. ఆయనది ఎప్పుడో తాతల నాడు ఓడెక్కిన విశాఖ జిల్లా తెలుగు, ఎక్కడా కల్తీ కాకుండా అలాగే ఉండిపోయింది. ఆయన నోట "ఏటి నాయనా" అని వినడం వాళ్ళకు ముచ్చటగా ఉంది. దెబోరమ్మకు మాత్రం ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కోస్తున్న చెయ్యి ఆగిపోతోంది.

కానీ షారన్ ఉంది కదా, తల్లిని ఒక్క క్షణం ఊరికే ఉండనివ్వదు. వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఇక్కడేం చేస్తున్నావ్? ఆ అంకుల్ మీ రంగూనే అంట. తాతగారు కూడా బాగా తెలుసంట. రా, ఇంట్రడ్యూస్ చేస్తాను" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

హాల్లో గోలగా ఉందని ఇద్దరినీ పక్కనున్న పసిపిల్లల గదిలో కూర్చోబెట్టింది. గోడ మీద బైబిలు కథలోని నోవహు ఓడ బొమ్మ, ఓడ కిటికీలోంచి జిరాఫీ మెడ. కుర్చీలు మోకాలెత్తు కూడా లేవు. పెద్దవాళ్ళను ఇంత చిన్న కుర్చీల్లో కూర్చోబెట్టినందుకు షారన్ ఇంగ్లీషులో సారీ చెప్పి, ఇద్దరికీ ప్లేట్లిచ్చి, గిన్నెలు కడిగే పని చూడ్డానికి వెళ్ళిపోయింది. యాభై ఏళ్ళ తరవాత కలుసుకున్న ఇద్దరు మనుషులు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ప్లేట్లవైపు చూసుకున్నారు.

ఆయన బాగున్నారా అన్నాడు. ఆవిడ బాగున్నానండి, మీరో అంది. ఒకప్పుడు నువ్వు తప్ప మరో మాట ఎరగనివాళ్ళు మీరు మీరు అనుకుంటూ కాసేపు కుశలాలు చెప్పుకున్నారు. ఆయన భార్య బర్మాలోని కరెన్ జాతి క్రైస్తవురాలట, పోయి చాలా ఏళ్ళయిందట. ఒక్కతే కూతురు నవోమి, సియాటిల్‌కు దక్షిణాన కెంట్‌లో ఉంటుందట, ఆసుపత్రిలో పనట. ఎండాకాలంలో వచ్చాడట. ఇక్కడ తెలుగు ఆరాధన ఉందని ఈమధ్యే తెలిసిందట. దెబోరమ్మ ఊఁ కొడుతూ ఆయన చేతులు చూస్తోంది. హార్మోనియం మెట్ల మీద పరుగెత్తిన చేతులు. ఇప్పుడు నరాలు తేలి ఉన్నాయి. ఆ చేతుల్ని ఒక్కసారి పట్టుకోవాలనిపించింది ఆవిడకు. ఈ వయసులో ఇదేం పాడు బుద్ధి అని తనను తానే తిట్టుకుంది గాని, అనిపించడం మానలేదు.

"గురువారం వెళ్ళిపోతన్నానండి" అన్నాడాయన. "ఎనిమిదో తారీకు మా దేశంలో ఎలక్షను. ఓటెయ్యాలి."

దెబోరమ్మ చెంచా ప్లేటులో పెట్టేసింది.

"మళ్ళీ ఓటేనా?" అంది.

ఈ రెండు మాటల వెనక ఎంతుందో తెలియాలంటే మనం ఒకసారి 1960 ఫిబ్రవరికి వెళ్ళి రావాలి. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాళ్ళలో మనవాళ్ళు వేలమంది. వాళ్ళను పనికి కుదిర్చే మేస్త్రీల్లో యాకోబు మేస్త్రీ ఒకడు. రేవులో మేస్త్రీ, తెలుగు సంఘంలో పెద్ద. ఆయన కూతురే మన దెబోరా. అప్పటికి పందొమ్మిదేళ్ళది, పాటల గుంపులో ముందు నిలబడేది. సైలస్ రేవు ఆఫీసులో గుమాస్తా, ఆదివారం హార్మోనియం వాయించేవాడు. శనివారం సాయంత్రాలు పాటలు సాధన చేసేటప్పుడు ఇద్దరికీ మనసు కలిసింది. పెద్ద కథేం కాదు. పాట అయిపోయినా అతని వేళ్ళు ఆఖరి స్వరం మీద కాస్త ఎక్కువసేపు ఆగేవి, అది తనకోసమేనని ఆమెకు తెలుసు. చర్చిని అక్కడ గుడి అనే అనేవాళ్ళు. ఒకసారి ఆ గుడి మెట్ల దగ్గర, ఎక్కడికి పోయినా కలిసే పోదాం అనుకున్నారు. వాళ్ళ ప్రేమంతా అదే. అది చాలనుకున్నారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ ఎన్నికల్లో. బర్మా పౌరులకే ఓటు. మనవాళ్ళు చాలామంది ఇండియా కాగితాలతోనే ఉండిపోయారు, ఇవాళో రేపో ఊరెళ్ళిపోతామన్న ఆశ వాళ్ళది. ఎవడైనా బర్మా పౌరసత్వం పుచ్చుకున్నాడంటే వాడిక వెనక్కి రాడనే లెక్క. వాడికి పిల్లనిచ్చేవాళ్ళు లేరు. ఆ పోలింగు రోజున, బడి ముందు ఓటర్ల వరసలో, తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డ సైలస్‌ను దెబోరా తన కళ్ళతో చూసింది. పౌరసత్వం మాట అతను ఆమెతో ఎన్నడూ అనలేదు. ఇంటికొచ్చి ఏడిస్తే తండ్రి తల నిమిరి, వాడు బర్మావాడైపోయాడమ్మా, మనతో రాడు, వాణ్ణి మరిచిపో అన్నాడు. ఈస్టర్ వెళ్ళగానే సుందర్ రాజ్‌తో పెళ్ళి నిశ్చయం చేశాడు.

సుందర్ రాజ్ గారి మీద నేను ఒక్క మాట అననివ్వను. మంచి మనిషి. గొంతెత్తి మాట్లాడింది లేదు, పెళ్ళాం చెయ్యి నొప్పంటే తనే నీళ్ళు తోడేవాడు. ఆ మంచితనమే దెబోరమ్మ నోరు కట్టేసింది. ఇంత మంచివాడి పక్కన కూర్చుని ఇంకొకడి హార్మోనియం తలుచుకోవడం పాపమని ప్రార్థనలో ఎన్నిసార్లు ఒప్పుకుందో లెక్కలేదు. ఒప్పుకోవడం, మళ్ళీ తలుచుకోవడం.

"నువ్వు వరసలో నిలబడ్డం నేను చూశాను" అంది దెబోరమ్మ ఇప్పుడు. మీరు పోయి నువ్వు వచ్చేసిందని ఆవిడ గమనించలేదు. "నాన్నకి క్యారేజీ పట్టుకెళ్తన్నాను. ఆ బడి ఎదురుగా. చేతిలో చీటీ పట్టుకుని, పక్కవాడితో నవ్వతా మాటాడతన్నావు. నాకు చెప్పకుండా పౌరుడివైపోయావు. పోనీ, అదైనా క్షమించేదాన్ని."

ఆయనేదో అనబోయాడు. ఆవిడ ఆగలేదు. ఇంతకాలం మర్యాదగా మాట్లాడిన వైజాగు తెలుగు ఎటు పోయిందో, రేవు వీధి మాట నోట్లోకి వచ్చేసింది.

"గుడిలో పెళ్ళి ప్రకటన చదివినారు. మూడు ఆదివారాలు చదివినారు. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పమన్నారు. నువ్వక్కడే, హార్మోనియం దగ్గర కూర్చునున్నావు. మొదటి ఆదివారం లెగుస్తావనుకున్నాను. రెండో ఆదివారం తప్పకుండా లెగుస్తావనుకున్నాను. మూడో ఆదివారం నాను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను సైలస్. నువ్వు పాట ఎత్తుకున్నావు."

మన సంఘాల్లో ఈ ఆచారం ఇప్పటికీ ఉంది. పెళ్ళి కుదిరితే పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ మూడు ఆదివారాలు పైకి చదవాలి. నూటికి తొంభైతొమ్మిది చోట్ల అది మొక్కుబడి, చదివేవాళ్ళూ వినేవాళ్ళూ ఎవరూ పట్టించుకోరు. కానీ ఎవరి గుండెలో ఏముందో పాస్టరుగారికేం తెలుసు. అడిగి, నాలుగు క్షణాలు ఆగి, తరవాతి ప్రకటనకు వెళ్ళిపోతారు. దెబోరమ్మ ఆ నాలుగు క్షణాల్లోనే ఉండిపోయింది.

సైలస్ జేబులోంచి రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తిరిగి పెట్టుకోలేదు.

"నాను పౌరుణ్ణి కావడం నీకు చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నారు" అన్నాడు.

"ఎవులు?"

"మీ నాన్న."

దెబోరమ్మకు ముందు కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద అభాండం వెయ్యడం తేలిక అంది. మా నాన్న అబద్ధమాడి ఎరగడంది. లేవబోయింది కూడా, కానీ ఆ పసిపిల్లల కుర్చీలోంచి లేవడం డెబ్భై నాలుగేళ్ళ మోకాళ్ళకు అంత తేలిక కాదు. దేవుడు కొన్నిసార్లు అలా కూడా పనిచేస్తాడు. ఆవిడ లేవలేకపోయింది కాబట్టే ఆయన చెప్పగలిగాడు.

చెప్పింది ఇది. తెలుగు గుడి ఉన్న స్థలం అద్దెది. దాని యజమాని అమ్మేస్తానన్నాడు. కొనాలంటే డబ్బు సంఘం దగ్గర ఉంది, చందాలెత్తి కూడబెట్టారు. కానీ పరదేశి పేరున స్థలం రాయరు, పౌరుడి పేరునే రాస్తారు. సంఘంలో పౌరుడెవడూ లేడు. యాకోబు మేస్త్రీ ఒకరోజు సైలస్‌ను రేవు వెనక్కి పిలిచి, నువ్వు చదువుకున్నవాడివి, బర్మా భాష రాయడం వచ్చు, నీకు పౌరసత్వం ఇస్తారు, గుడి నీ పేరున నిలబెట్టు అన్నాడు. గుడికోసం పౌరుడయ్యాడని ఆఫీసులో పొక్కితే పౌరసత్వమూ పోతుంది, స్థలమూ పోతుంది, కాబట్టి మూడో మనిషికి తెలియకూడదన్నాడు. దెబోరాకైనా సరే, పని పూర్తయ్యేదాకా. పూర్తయ్యాక పిల్లను నీకే ఇస్తానని బైబిలు మీద చెయ్యి పెట్టాడు. పోలింగు ముందు రోజు కూడా ఆయనే వచ్చి, ఓటెయ్యకపోతే దొంగ పౌరుడనుకుంటారు, వెళ్ళి వరసలో నిలబడు అని పంపించాడు. స్థలం రిజిస్ట్రీ అయ్యాక సైలస్ పిల్లమాట ఎత్తాడు. అమ్మాయే వద్దంది బాబూ, బర్మావాడిని చేసుకోనంది, నన్నేం చెయ్యమంటావు అన్నాడు మేస్త్రీ. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు.

"నమ్మను" అంది దెబోరమ్మ.

"నమ్మొద్దులే. ఒక్క మాట చెప్పు" అన్నాడాయన మెత్తగా. "ఆ రోజు ఎలక్షను సెలవు. రేవు మూసేసినారు. మేస్త్రీగారికి పనేటుంది? నీకు క్యారేజీ ఇచ్చి ఆ బడి దగ్గరికి ఎవులు పంపినారు?"

దెబోరమ్మ ప్లేటు కింద పెట్టేసింది.

ఆ రోజు ఆవిడకు బాగా గుర్తుంది. ఎన్నోసార్లు తలుచుకుంది. అన్నం, చేపల పులుసు తనే సర్దింది. బడి ఎదుట కొట్టు దగ్గర ఉంటాను, పట్టుకురా అన్నాడు నాన్న. వెళితే కొట్టు దగ్గర ఆయన లేడు. అరుగు మీద నిలబడి చాలాసేపు చూసింది. ఎదురుగా వరస. వరసలో సైలస్. ఏడుస్తూ క్యారేజీతో ఇంటికొచ్చేసరికి నాన్న ఇంట్లోనే ఉన్నాడు, భోంచేసి చెయ్యి తుడుచుకుంటున్నాడు. ఆడపిల్లను వీధిలోకి ఒంటరిగా పంపని మనిషి. తను చూసింది యాదృచ్ఛికంగా అనుకుంది ఇన్నాళ్ళూ. దేవుడే చూపించాడనుకుంది. చూడమని పంపింది నాన్న.

నాన్న మాటంటే ఆవిడకు బైబిలు వాక్యం తరవాత వాక్యం. ఆఖరి రోజుల్లో, విశాఖలో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళుండే కంచరపాలెం బర్మా క్యాంపు ఇంట్లో, ఆయనకు అన్నం కలిపి నోట్లో పెట్టింది తనే. ఆయన ఫోటో షారన్ ఇంట్లో టీవీ పైన ఉంది, రోజూ పొద్దున్నే తుడుస్తుంది. కూతురు తనతోపాటు ఓడెక్కాలనే కదా ఆయన ఆశపడింది, అంతకంటే దుర్మార్గం ఏముంది అందులో అని ఆ క్షణాన కూడా ఆవిడ మనసు ఆయన తరఫున వాదించింది. వాదించి ఓడిపోయింది. గోడ మీది జిరాఫీ వైపు చూస్తూ నిశ్శబ్దంగా ఏడ్చింది. సైలస్ తన రుమాలు ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

కొంతసేపయ్యాక కళ్ళు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. ఇప్పుడు కోపం తండ్రి మీద కాదు.

"సరే, మా నాన్న చేసింది చేసినాడు. నీకు నోరు లేదా? మూడు ఆదివారాలు."

"లెగిసి ఏటని చెప్పను? మేస్త్రీగారు నాకు మాటిచ్చినారని చెప్పాలి. ఎందుకిచ్చినారంటే స్థలం మాట చెప్పాలి. ఆ గుడిలో ఎంతమంది ముసలోళ్ళు, బస్తాలు మోసిన డబ్బులు ఇచ్చినారు, నీకు తెలుసును. అది ఒకటి. నువ్వే వద్దన్నావని నమ్మినాను. అది రెండోది. రెండోదే పెద్దది. మూడో ఆదివారం నీ వైపు చూసినాను. నువ్వు తల దించుకున్నావు. ఇష్టపడే ఉందనుకున్నాను."

ఊపిరి బిగబట్టిన మనిషి తల దించుకోదూ మరి.

గుడి ఉందా అని అడిగింది ఆవిడ. ఉందన్నాడు. నాలుగేళ్ళకే కొట్లూ మిల్లులూ ప్రభుత్వం తీసేసుకుని మనవాళ్ళంతా ఓడలెక్కితే, ఎక్కడానికి వీల్లేనివాడు తనొక్కడే మిగిలాడట. గుడి తన పేరున ఉంది, తను ఆ దేశం మనిషి. రేవు గట్టు మీద నిలబడి ఓడ కదిలేదాకా చూశాడట. నీలం చీర కట్టుకున్నావన్నాడు. పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడ్డావన్నాడు. అప్పుడు ఆవిడ చంకలో ఆర్నెల్ల పెద్దకొడుకు ఉన్నాడు. గట్టు మీది జనంలో ఆవిడా ఒక మొహంకోసం వెతికింది, కనపడలేదు. ఇప్పుడు గుడిలో, తరవాత పల్లెల నుంచి వచ్చి చేరిన పది పన్నెండు కుటుంబాలున్నాయట. పిల్లలకు తెలుగు చదవడం రాదు, బర్మా అక్షరాల్లో రాసుకుని తెలుగు పాటలే పాడతారట. హార్మోనియం ఇంకా ఆయనే వాయిస్తాడట.

"ఆ రోజు ఎవరికేశావు ఓటు?" అని అడిగింది దెబోరమ్మ. ఎందుకడిగిందో ఆవిడకే తెలియదు.

ఆయన మొదటిసారి నవ్వాడు. ఆ ఎన్నికల్లో ఒక్కో పార్టీకి ఒక్కో రంగు పెట్టె. తెర వెనక్కి వెళ్ళి నచ్చిన పెట్టెలో చీటీ పడెయ్యడమే. పసుపు పెట్టెవాళ్ళు బౌద్ధాన్ని ప్రభుత్వ మతం చేస్తామన్నారు కాబట్టి మనం ఎర్ర పెట్టెలో వెయ్యాలని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. తెర వెనక్కి వెళ్ళాక చాలాసేపు నిలబడ్డాడట సైలస్.

"పసుపులో ఏసినాను" అన్నాడు. "వరసలో ఉన్నోళ్ళంతా దానికే ఏస్తామన్నారు. వాళ్ళ మనిషినైపోయినాను కదా, వాళ్ళు కోరుకున్నదే రానీ అనుకున్నాను. నా ఇష్టానికి నాను చేసిన పని అదొక్కటే దెబోరా. ఆ తరవాత రెండేళ్ళకే మిలటరీ వొచ్చింది. మళ్ళీ తొంభైలో ఓటేస్తే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడేస్తే లెక్కలోకొస్తాదంటన్నారు. ఇక్కణ్ణించి ఏద్దామంటే గడువైపోయింది."

బయట కుర్చీలు మడుస్తున్న చప్పుడు మొదలైంది. ఎవరో టైమెంతైందో కేకేసి చెబుతున్నారు. నవోమి వచ్చి ఆయన్ను తీసుకెళ్ళే వేళయింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, అవతల పెట్టిన ప్లేటు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టాడు.

"గుండె బాగోలేదన్నారు ఇక్కడి డాక్టర్లు. మళ్ళీ ఇంత దూరం రాలేను. నవోమి ఎళ్ళొద్దని ఏడస్తంది. దాని మాట ఇనలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు ఉండమను. ఉండిపోతాను. ఓటూ వొద్దు, ఏటీ వొద్దు."

ఇన్నేళ్ళుగా ఆవిడ కోరుకున్నది ఇదే. ఉండు అనే ఒక్క మాట చాలు. ఆదివారం ఆదివారం ఆయన ఆ వైపు, తను ఈ వైపు కూర్చోవచ్చు. పాట ఎత్తుకుంటే ఆ గొంతు వినపడుతుంది. అంతకు మించి ఈ వయసులో ఏం కావాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, ఆగిపోయింది. రేవు వెనక్కి పిలిచి మాటిచ్చిన తండ్రి కనిపించాడు. ఈయన ఇష్టాన్ని తీసుకుని గుడి నిలబెట్టుకున్నారు, ఈయన మౌనాన్ని తీసుకుని తన పెళ్ళి చేశారు. ఇప్పుడు ఆయన దగ్గర మిగిలిన ఆ ఒక్క ఓటూ తను తీసుకోవాలా?

"ఉండమనను" అంది.

ఆయన తల ఊపాడు. ఆ ఊపడంలో ఉన్న అలవాటు ఆవిడ కంటపడింది. ఎవరు ఏం చెప్పినా అలాగే ఊపి ఉంటాడు జీవితమంతా.

"నా మాట అవలేదు. మేస్త్రీ చెప్పినాడు, దెబోరా చెప్పింది అని నువ్వింక ఏదీ మానక్కర్లేదు. ఎళ్ళి ఓటేసుకో." గోడ పట్టుకుని, ఈసారి లేచి నిలబడింది. "నాను కూడా వొస్తాను. ఆ గుడిలో, ప్రకటన చదవకముందు నన్నెవరూ నోరెత్తి అడగలేదు. పెళ్ళికొడుకుని అడిగినారు, పెద్దల్ని అడిగినారు, అభ్యంతరం ఉన్నోళ్ళని అడిగినారు. నన్ను అడగలేదు. ఒకసారి అక్కడ నిలబడి నా మాట నేను చెప్పుకుంటాను. ఆ గురువారం విమానానికే నాకూ టిక్కెట్టు తీయమను మీ అమ్మాయిని."

"అమ్మా."

గుమ్మంలో షారన్. చేతిలో తడి గుడ్డ, భుజాన హ్యాండ్‌బ్యాగు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆ మాట మటుకు విన్నది.

"గురువారం ఎక్కడికి? ఫ్రైడే నీ ఓత్ సెరిమనీ అమ్మా. ఐదేళ్ళ నుంచి వెయిట్ చేస్తున్నాం." ఆమె తల్లి మొహం చూసింది, ఏడ్చిన కళ్ళు చూసింది, తల్లి గుప్పిట్లో నలిగిన మగవాళ్ళ రుమాలు చూసింది. తరవాత సైలస్ వైపు తిరిగింది. గొంతులో మర్యాద తగ్గలేదు గాని, అంకుల్ అనే పిలుపు మాత్రం జారిపోయింది. "మీరు మా అమ్మకి ఏమవుతారు?"

సైలస్ దెబోరమ్మ వైపు చూశాడు.

దెబోరమ్మ కూతురి చేతిలో తడి గుడ్డ తీసి పక్కన పెట్టింది. ఆమె భుజం పట్టుకుని, తను ఇంతసేపూ కూర్చున్న ఆ పసిపిల్లల కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీ నాన్నగారికి కూడా చెప్పని మాట ఒకటుంది షారన్" అంది. "నీకు చెప్తాను. తిట్టాలనిపిస్తే తిట్టు. విమానం మాత్రం మానను."